నల్లకోటును చూసి దండం పెట్టుడు బంద్ జేద్దాం

బొగ్గు కోసం భూమి పోయింది. కరెంటు కోసం పోయింది. ఎరువుల ఫ్యాక్టరీ కోసం పోయింది. రామగుండం చుట్టుముట్టు పల్లెల్లో ఈ మూడింటిలో ఏదో ఒకదానికి చెల్క ఇయ్యని మాలవాడ, మాదిగవాడ దొరుకుడు కష్టం. భూమి ఎట్ల గుంజుకున్నరో, ఎవరు గుంజుకున్నరో మన పత్రికలు రాసినయి, మన పాటగాళ్లు పాడిండ్రు. కాని భూమి పోయినంక కోర్టుల నుంచి వచ్చిన పైసలు ఎవరి జేబులకు పోయినయో మాత్రం రాసేటోళ్లు తక్కువ. ఎందుకంటే అది రాస్తే దొర ఒక్కడే కాదు, మనం "వకీలు సాబ్" అని చేతులు జోడించేటోళ్లు, మన సంఘాల చుట్టూ తిరిగే పైరవీకారులు కూడా బోనులకు వస్తరు. ఈ సంచికలో అదే రాస్తున్నాం. కొందరికి కోపం వస్తది. రానియ్యండి.

సంగతి కొత్తది కాదు. ఎన్టీపీసీకి 1978లో పునాదిరాయి వేసిండ్రు. ఎఫ్‌సీఐ ఎరువుల ఫ్యాక్టరీ 1999లో ఆగిపోయి, 2021లో ఆర్‌ఎఫ్‌సీఎల్ పేరుతో మళ్లీ మొదలైంది. నడుమ ఇరవై రెండేండ్లు పొగగొట్టం సల్లగున్నా, పోయిన భూమి మాత్రం రైతు మొఖం చూడలేదు. ఇక సింగరేణి. అందులో రాష్ట్ర సర్కారుకు 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. అంటే మన భూమి తీసుకునేటోడూ సర్కారే, ధర కట్టేటోడూ సర్కారే. బాయిలు తవ్విన కాలంల కంపెనీకి మన మనుషులు కావాలె, పైన ఊరు ఉన్నా నడిచేది. ఓపెన్‌కాస్టు వచ్చినంక ఊరే కావాలె. అందుకే గోదావరిఖని, రామగిరి దిక్కు భూసేకరణ నోటీసు అంటే మామూలు ముచ్చటైంది. నోటీసు వచ్చిన ఊరికి దాని వెనుకనే ఒక వకీలు గుమాస్తా వస్తడు. ముందే వచ్చినా ఆశ్చర్యపోవద్దు.

ఆయన వచ్చే తీరు చూడుండ్రి. మోటారు సైకిలు మీద ఊరి పెద్దమనిషి ఇంటికి వస్తడు. చాయ్ తాగుతడు. వాడకు కబురు పోతది. అందరూ పట్టా పాసుబుక్కు, ఆధార్ జిరాక్సు పట్టుకొని వస్తరు. ఒక్కొక్కరి దగ్గర పది పన్నెండు కాయితాల మీద సంతకాలు, ఏలిముద్రలు తీసుకుంటడు. కొన్ని కాయితాలు అచ్చు కొట్టినయి, కొన్ని తెల్లయి. "ఇవి ఎందుకు సారూ?" అని ఓ అవ్వ అడిగితే "కోర్టు పని, నీకు తెల్వది" అంటడు. అక్కడికి ముచ్చట ఒడిసిపాయె. వకీలు మొఖం ఎవరూ చూడలేదు. వకీలు పేరు కూడా సగం మందికి తెల్వదు. కాని మూడెకరాల బతుకు ఆ సంచిలకు పోయింది.

మేం అడిగేది ఇదీ: ఎడ్లు కొనేటప్పుడు పండ్లు చూస్తం, తోక చూస్తం, నాలుగడుగులు నడిపించి చూస్తం. పిల్లనిచ్చేటప్పుడు ఏడు ఊర్ల చుట్టాలను అడుగుతం. మరి భూమి కాయితం చేతుల పెట్టేటోన్ని ఒక్క మాట అడగకపోవుడు ఏం తెలివి?

మొదటి దోపిడీ పర్సంటేజీ. "మీ దగ్గర ఒక్క రూపాయి తీసుకోను, గెలిస్తే వచ్చిన దాంట్ల పావల వంతు ఇయ్యి" అంటడు. వినడానికి దయగల మాట. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 20వ నియమం చూడండి: కేసు ఫలితం మీద ఆధారపడే ఫీజు మాట్లాడుకోవద్దు, కేసులో వచ్చిన దాంట్లో వాటాకు ఒప్పుకోవద్దు అని వకీళ్లకు కట్టడి చేసింది. అంటే వాడు దయ చూపిస్తలేడు, తన సొంత వృత్తి నియమాన్ని తొక్కుతున్నడు. వాటా రాయించుకున్న వకీలు నీ వకీలు కాదు, నీ భూమిల పాలోడు.

లెక్క చేసి చూద్దాం. కోర్టు నీకు 4 లక్షలు పెంచిందనుకో. కంపెనీ భూమిని స్వాధీనం చేసుకున్న నాటి నుంచి పెరిగిన సొమ్ము మీద చట్టం మొదటి ఏడాదికి 9 శాతం, ఆ తర్వాత ఏడాదికి 15 శాతం వడ్డీ ఇయ్యమంటది. కేసు పదేండ్లు నడిస్తే వడ్డీయే 5 లక్షల 76 వేలు. మొత్తం 9 లక్షల 76 వేలు. పావల వంతు అంటే 2 లక్షల 44 వేలు. నువ్వు పదేండ్లు పస్తులుండి ఎదురుచూసినందుకు చట్టం ఇచ్చిన వడ్డీల కూడా ఆయనకు వాటా. ఇంకో సంగతి చూడుండ్రి: కేసు ఎంత సాగితే ఆయన వాటా అంత పెరుగుతది. వాయిదా మీద వాయిదా పడ్డా ఆయన మొఖం ఎందుకు వాడదో ఇప్పుడు తెలిసిందా?

"మరి చేతిల పైసలు లేనోడు ఏం చేయాలె?" ఈ ప్రశ్న న్యాయమైనది. దీనికి జవాబు 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టంల ఉన్నది. ఆ చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఉచితంగా వకీలును ఇయ్యాలె. ఆదాయం ఎంతనేది అడగొద్దు. ఆడవాళ్లకు ఇయ్యాలె, పారిశ్రామిక కార్మికులకు ఇయ్యాలె. అంటే బాయి పని చేసే మాదిగ బిడ్డకు రెండు దిక్కుల నుంచి హక్కున్నది. 15100కు ఫోన్ చేయొచ్చు, కోర్టు ఆవరణల ఉండే న్యాయ సేవల కమిటీ దగ్గర దరఖాస్తు పెట్టొచ్చు. "ఉచిత వకీలు ఉత్తోడు, పట్టించుకోడు" అని ప్రచారం చేసేది ఎవరు? పర్సంటేజీ వకీళ్లే! పట్టించుకోని ఉచిత వకీలు ఉండొచ్చు. అప్పుడు వకీలును మార్చమని అదే కమిటీకి రాయాలె. నీ దగ్గర పైసలు అడిగితే అదే కమిటీకి ఫిర్యాదు చేయాలె. పావల వంతు ఇచ్చినోనికి ఆ హక్కు కూడా లేదు, ఎందుకంటే ఆ ఒప్పందం నోటి మాట, రుజువు లేదు. ఉచిత వకీలు వద్దనుకుంటే ఒకే నోటిఫికేషన్ కింద భూమి పోయినోళ్లంత కలిసి ఒక్క వకీలుతోని ఒక్క మొత్తం మాట్లాడుకోవాలె, విడతల వారీగా కట్టాలె, కట్టినప్పుడల్లా రసీదు తీసుకోవాలె. రసీదు అడిగితే అలిగే వకీలుకు అక్కడ్నే నమస్కారం పెట్టి రావాలె.

ఇక గడువు ముచ్చట. మనోళ్లు ఎక్కువ మునిగేది ఇక్కడనే. 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన 2013 భూసేకరణ చట్టం 64వ సెక్షన్ కింద ధర చాలదని కలెక్టరుకు దరఖాస్తు పెట్టుకోవాలె. అవార్డు చెప్పిన నాడు నువ్వు గాని నీ తరపు మనిషి గాని అక్కడుంటే ఆ తేదీ నుంచి ఆరు వారాలే. లేకుంటే నోటీసు అందిన నాటి నుంచి ఆరు వారాలు గాని, అవార్డు తేదీ నుంచి ఆరు నెలలు గాని, ఏది ముందు ముగిస్తే అది. సరైన కారణం చూపిస్తే ఇంకో ఏడాది లోపల తీసుకునే వీలు కలెక్టరుకు ఉన్నది, కాని అది ఆయన దయ. చెక్కు తీసుకునేటప్పుడు "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని రాయకపోతే పెంపు అడిగే హక్కే పోతది. మన ఊర్లల్ల ఎంతమందికి చెక్కు చేతిల పెట్టేటప్పుడు ఆ నాలుగు ముక్కలు రాయమని వకీలు చెప్పిండు? అందుకే మొదటి రోజే అడగండి: "సారూ, నా గడువు ఏ తేదీకి అయిపోతది?" పంచాంగం చూసినట్టు తేదీ చెప్పాలె. "చూద్దాం లే, నేనున్న కద" అన్నోడు పనికిరాడు. 2017లో తెలంగాణ సర్కారు ఈ చట్టానికి సవరణ తెచ్చి, ఒప్పందం మీద భూమి తీసుకునే దారి కూడా పెట్టింది. ఆ ఒప్పందం కాయితం మీద సంతకం పెట్టినంక పెంపు అడుగుడు మహా కష్టం. మీ వకీలే దాని మీద సంతకం పెట్టమని తొందర చేస్తున్నడంటే ఆయన ఎవరి దిక్కున్నడో అర్థం చేసుకోండి.

లావణి పట్టా భూముల సంగతి వేరేగా చెప్పాలె, ఎందుకంటే మనకు ఉన్నయి అవే. 1977లో వచ్చిన 9వ చట్టం ఈ భూములు అమ్మొద్దు, కొనొద్దు అన్నది. చేతులు మారిన భూమిని తిరిగి తీసుకొని అసలు పట్టాదారుకు, వాళ్ల వారసులకు ఇచ్చే వీలు పెట్టింది. మన దగ్గర్నుంచి తెల్లకాయితం మీద కొనుక్కున్న పటేలు ఇయ్యాల నష్టపరిహారం లైనుల ముందర నిలబడుతున్నడు. అడిగితే "అసైన్డు భూమికి పరిహారం రాదు, ఏదో ఎక్స్‌గ్రేషియా ఇప్పిస్త, సగం సగం చేసుకుందాం" అని మధ్యవర్తి చెప్తడు. అబద్ధం! 2004లో చేవెళ్ల ఆర్డీవో కేసుల ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం అసైన్డు భూమికీ పట్టా భూమితో సమానంగా పరిహారం ఇయ్యాలని తీర్పు చెప్పింది. 2013 చట్టంల "భూయజమాని" అనే మాటకు ఇచ్చిన అర్థంలోనే అసైన్డు భూములోళ్లను చేర్చిండ్రు. మీ వకీలును ఈ చేవెళ్ల తీర్పు గురించి అడగండి. తెలిసినోడైతే కూర్చోబెట్టి చెప్తడు. తెల్వనోడు "ఎవరు చెప్పిండ్రు నీకు?" అని గద్దిస్తడు. ఆ గద్దింపే మీకు జవాబు.

సేత్‌సింధీ, నీరడి, బేగారి అని మన తాతలకు ఊరి చాకిరీ కింద ఇచ్చిన ఇనాం చెక్కలు ఇంకా చిక్కు. ఇనాంల రద్దు చట్టం 1955ది. నీ భూమి ఏ రకం ఇనామో తేలకుండ ఆ చట్టం నీకు ఎట్ల వర్తిస్తదో చెప్పుడు ఎవరి తరం కాదు. దానికి సేత్వార్ చూడాలె, 1954-55 ఖాస్రా పహాణి చూడాలె, ఆ తర్వాతి పహాణీల్ల అనుభవదారు కాలంల ఎవరి పేరున్నదో ఏడాదికి ఏడాది చూడాలె. ఇవి తీయకుండ దావా వేసే వకీలు, నాడి పట్టకుండ సూది వేసే డాక్టరు ఒక్కటే. 2020 అక్టోబరుల ధరణి వచ్చినప్పుడు అనుభవదారు కాలమే ఎత్తేసిండ్రు. కాస్తుల ఉన్న మనోళ్ల పేర్లు ఒక్క దెబ్బకు మాయమైనయి. రెవెన్యూ కోర్టులు ఎత్తేసి సివిల్ కోర్టుకు పొమ్మన్నరు. 2025 ఏప్రిల్ 14న, బాబాసాహెబ్ జయంతి నాడు, దాని స్థానంల భూభారతి మొదలుపెట్టిండ్రు. ఆ చట్టం అధికారుల దగ్గర అప్పీలు దారి మళ్లీ తెరిచింది. ఆర్డీవో దగ్గర అప్పీలుతో తేలే పనికి సివిల్ కోర్టుల ఏండ్లకేండ్లు దావా నడిపే వకీలు ఉన్నడా లేడా, మీ ఊర్ల మీరే లెక్క పెట్టుకోండి.

భూమే లేనోళ్లకు వకీలు ఎందుకు అనుకోవద్దు. 2013 చట్టం ప్రకారం భూమి లేకున్నా, సేకరణకు ముందు మూడేండ్లుగ ఆ భూముల మీద కూలి చేసి, కౌలుకు చేసి, పాలుకు చేసి బతికిన కుటుంబం కూడా "బాధిత కుటుంబం". పునరావాసంల వాళ్లకూ వాటా ఉన్నది. ఈ పేర్లు జాబితాల ఎక్కించేటప్పుడు అభ్యంతరాలు రాసేటోడు కావాలె. పర్సంటేజీ వకీలు ఈ పనికి రాడు. ఎకరం లేనోనికి ఎకరానికింత అని లెక్క కట్టలేడు కద! ఊర్ల ఒక వకీలు మంచోడా కాదా తెలుసుకోవాలంటే, కూలోళ్ల పేర్లు జాబితాల ఎక్కించే పనికి రమ్మని పిలిచి చూడండి.

వకీలు ఎవరి మనిషి అనేది తెలుసుకోవాలె. ఇది కులం పేరు అడుగుడు కాదు. అగ్రకుల వకీళ్లల్ల మన కోసం నిలబడ్డోళ్లు ఉన్నరు, మన కులపోళ్లల్ల మనల్ని అమ్మినోళ్లు ఉన్నరు. "మనోడే కద" అని తెల్లకాయితం మీద సంతకం పెట్టుడు దొరకు దండం పెట్టుడు కంటే ఎక్కువేం కాదు. అడగాల్సింది వేరే: నువ్వు కంపెనీ తరపున కేసులు చూస్తున్నవా? సర్కారు ప్లీడరుగ ఉన్నవా? మా ఊరి పటేలు కేసులు నీ దగ్గరున్నయా? ఒక కేసుల ఒక దిక్కు సలహా చెప్పి, అదే కేసుల అవతలి దిక్కు నిలబడొద్దని బార్ కౌన్సిల్ నియమమే ఉన్నది. అడిగితే తప్పేం లేదు. అడగకుండ ఉంటేనే తప్పు.

ఇప్పుడు మన సంఘాల ముచ్చట. కార్యకర్తలారా, చెవులు పెట్టి వినండి. ధర్నాల ముందర నీలి కండువా, వెనుక వకీలు ఆఫీసుల ఇన్ని కేసులకు ఇంత అని కమీషన్. ఇది చేసేటోళ్లు ఉన్నరని గోదావరిఖని చౌరస్తాల అందరికీ తెలుసు. ఊరు నమ్మింది వకీలును కాదు, వకీలును తెచ్చిన నాయకున్ని. ఆ నమ్మకాన్ని తలకింత అని అమ్ముకున్నోడు పట్వారీ కంటే ఏ విధంగ మేలు? సంఘం వకీలును చూపించొచ్చు, కాని సంఘంల ఎవరూ వకీలు దగ్గర పైస తీసుకోవద్దు. ఊర్ల కూర్చోబెట్టి ఆ మాట అందరి ముందర చెప్పియ్యాలె. చెప్పనోన్ని ఆ పని నుంచి తప్పియ్యాలె.

లోక్ అదాలత్ గురించి రెండు మాటలు. జల్దీ తేలుతది, నిజమే. కాని అక్కడ రాజీకి సంతకం పెడితే మళ్లీ అప్పీలు లేదు. ఇంకోటి: ఒకే నోటిఫికేషన్ కింద ఒకరికి కోర్టు ధర పెంచితే, కోర్టుకు పోని మిగతావాళ్లు కూడా మూడు నెలల లోపల అదే ధర అడగొచ్చు. పాత 1894 చట్టంల 28-ఏ, కొత్త చట్టంల 73వ సెక్షన్. కాని లోక్ అదాలత్‌ల వచ్చిన ధరను చూపించి 28-ఏ కింద అడుగుడు చెల్లదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. అంటే నీ ఒక్కని కేసు రాజీ చేసుకుంటే ఊర్ల పేదోళ్లందరి దారి మూసినట్టే. ఇది చెప్పకుండ రాజీ చేయించే వకీలు ఒక్కన్ని కాదు, వాడను ముంచుతడు. ఇంకొందరు "1980ల పోయిన భూమి కొత్త చట్టం కింద వాపస్ ఇప్పిస్త" అని పైసలు వసూలు చేస్తరు. స్వాధీనమూ కాలేదు, పరిహారమూ ఇయ్యలేదు అన్నప్పుడే పాత సేకరణ రద్దయితదని 2020 మార్చిల సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం తేల్చింది. ఆ ఆశ అమ్మేటోన్ని దగ్గరికి రానియ్యొద్దు.

బాయిల నుంచి దిగిపోయిన మన కార్మికులు గ్రాట్యుటీ పైసలతో ప్లాటు కొంటున్నరు. అమ్మేటోడే వకీలును తెస్తడు, ఆ వకీలే "కాయితాలన్నీ క్లియర్" అంటడు. అమ్మేటోని వకీలు నీ వకీలు కాదు! నోటరీ కాయితం రిజిస్ట్రేషన్ కాదు. జీపీఏ మీద కొంటే హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. ఆ ప్లాటు కింద ఏ అవ్వ లావణి పట్టా ఉన్నదో కూడా చూడాలె. ఒక దళితుని భూమిని ఇంకో దళిత కార్మికునికి అమ్మి, నడుమ బ్రోకరు బంగ్లా కట్టుడు ఈ బెల్టుల కొత్త వ్యాపారం.

"కోర్టులే వాళ్లయి, వకీలు ఎవడైతే ఏంది, ధర్నానే దారి" అనే సోదరులున్నరు. ధర్నా చేయాలె. కాని ధర్నా నడుస్తున్నదని ఆరు వారాలు ఆగయి. అంబేద్కర్ 1927లో మహద్ చెరువు నీళ్లు ముట్టిండు. సవర్ణులు దావా వేస్తే "కోర్టు వాళ్లది" అని ఇంట్ల కూర్చోలేదు; 1937ల బొంబాయి హైకోర్టు తీర్పు వచ్చేదాక కొట్లాడిండు. బొజ్జా తారకం గారు 1985లో కారంచేడు జరిగినంక హైకోర్టుల సర్కారు ప్లీడరు పదవి వదిలేసి దళిత మహాసభల నిలబడ్డరు. చట్టం సామాన్యునికి తెలియాలని "పోలీసులు అరెస్టు చేస్తే" అని పుస్తకమే రాసిండ్రు. మన జిల్లాలోనే, 2021 ఫిబ్రవరి 17న రామగిరి మండలం కల్వచర్ల దగ్గర, వకీళ్లు గట్టు వామనరావు, నాగమణి దంపతులను పట్టపగలు నడిరోడ్డు మీద నరికి చంపిండ్రు. మంథని పోలీస్ స్టేషన్‌ల జరిగిన మరణం మీద వాళ్లు హైకోర్టుకు ఎక్కినోళ్లు. ఆ హత్య కేసు సీబీఐకి పోవడానికి 2025 దాక పట్టింది, అదీ సుప్రీంకోర్టు చెప్తే. వకీలు ఎవడైనా ఒక్కటే అయితే వాళ్లను చంపాల్సిన పని ఎవరికి పడ్డది?

ఇక చేసే పని. నోటీసు వచ్చిన రాత్రే వాడంత కూర్చోవాలె. చదువుకున్న పిల్లలతో నోటీసు పైకి చదివించాలె. ఆడవాళ్లు తప్పకుండ ఉండాలె. భూమి ఎవరి కష్టమో వాళ్లకే ఎక్కువ తెలుసు. ఇద్దరు ముగ్గురు వకీళ్ల దగ్గరికి నలుగురు కలిసి పోవాలె, ఒక్కరు పోవద్దు. తెల్లకాయితం మీద సంతకం లేదు. వకాలత్ చదివించుకున్నంకనే ఏలిముద్ర. పరిహారం నేరుగ పట్టాదారు బ్యాంకు ఖాతాల పడాలె, వకీలు పేరు మీద చెక్కు వద్దు. కేసు నమోదైనంక పదహారు అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు అడిగి తీసుకోండి. పిల్లల ఫోన్ల ఈకోర్ట్స్ యాప్ పెట్టుకుంటే వాయిదా ఎప్పుడున్నదో, పోయిన వాయిదాకు వకీలు వచ్చిండో లేదో ఇంట్ల కూర్చొనే తెలుస్తది. వకీలు మోసం చేస్తే అడ్వొకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు రాయొచ్చు. వకీలును మార్చుకునే హక్కు మీది. "ఫీజు బాకీ ఉన్నది, ఫైలు ఇయ్య" అంటే, బాకీ పేరు మీద ఫైలు ఆపే హక్కు వకీలుకు లేదని సుప్రీంకోర్టు 2000 సంవత్సరంల చెప్పిందని చెప్పండి. నలుగురు పోయి, గట్టిగ కూర్చొని, ఫైలు చేతిల పడ్డంకనే లేవండి. ఇంటికొచ్చి ఒక్కొక్క కాయితం లెక్కపెట్టుకోండి. పట్టా అసలు కాపీ అందుల ఉన్నదా లేదా ముందు చూడండి.